ఆవు ఈసుకుపోయిన ఇంట్లో జ్వరం ఎవరికి?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి, పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇద్దరికీ ఒకే ఉత్తరం రాస్తున్నాను. మా కష్టం మీ రెండు శాఖల మధ్య సందులో పడింది మరి.

మా ఆవు ఏడో నెలలో ఈసుకుపోయింది, అంటే కడుపు పోయింది. మాయ పడలేదు. అన్నయ్య మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగాడు. గ్లౌజుల్లేవు. ముందురోజు కొడవలి గీరిన గాటు వేలి మీద పచ్చిగానే ఉంది. మూడు వారాలకు జ్వరం మొదలైంది. పగలు బాగానే తిరిగేవాడు, సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది, తెల్లారేసరికి దుప్పటి చెమటతో తడిసిపోయేది.

టైఫాయిడ్ అన్నారు. మందులకు తగ్గింది, మళ్లీ వచ్చింది. తర్వాత టీబీ ఏమో అన్నారు. నడుము పట్టేసింది. వృషణాలు వాచిన సంగతి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఏడు నెలలకు ఒక డాక్టరమ్మ అడిగారు: "ఇంట్లో పశువులున్నాయా? ఏదైనా ఈసుకుపోయిందా?" అప్పుడు చేసిన రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది, పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బు. ఆవును చూసిన పశువైద్యుడికి మొదటి రోజే ఆ అనుమానం వచ్చిందట. ఆయన కాగితం ఆయన శాఖకే వెళ్లింది.

ఈ జబ్బు క్రిమిని బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887లో మాల్టాలో చనిపోయిన సైనికుల్లో కనిపెట్టాడు. అది మేకల నుంచి వస్తోందని అక్కడి డాక్టరు జమ్మిట్ తేల్చేసరికి 1905 అయింది. మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఆపగానే జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. మనిషికీ మేకకూ ముడి పెట్టడానికి పద్దెనిమిదేళ్లు! మా ఇంట్లో ఏడు నెలలే పట్టింది, నయమే అనుకోవాలేమో.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ఫలానా ఇంట్లో పశువు ఈసుకుపోయిందని పశువైద్యుడు రాసుకున్న రోజే ఆ కబురు ఊరి ఆరోగ్య కార్యకర్తకు చేరాలి. వారం దాటిన జ్వరంతో వచ్చిన వాళ్లను ఆస్పత్రిలో ఆ డాక్టరమ్మ వేసిన ప్రశ్నే వేయాలి. ఈ జబ్బును పట్టే రోజ్ బెంగాల్ రక్తపరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు, నిమిషాల్లో తేలుతుంది. మందులు కూడా పాతవే: డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, ఆరు వారాలు. చిక్కల్లా, జ్వరం ముందే తగ్గిపోతే మనిషి మానేస్తాడు. అన్నయ్యా మానేయబోయాడు, వదిన గొడవపడి మింగించింది. అందరిళ్లలో వదిన ఉండదు కదా, మీ వాళ్లే ఎవరో ఒకరు వచ్చి అడగాలి.

పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో టీకా వేయిస్తే జబ్బు మొదట్లోనే చాలావరకు ఆగుతుంది. రోగం ఉన్న పశువును తీసేయమంటే మాత్రం పరిహారం చేతిలో పెట్టి చెప్పండి. లేకపోతే రాత్రికి రాత్రి సంతకు పోతుంది. ఒకసారి ఈసుకుపోయిన ఆవు మరుసటి ఈత మామూలుగానే ఈనొచ్చు. పాలల్లో, మాయలో క్రిమి మాత్రం పోతూనే ఉంటుంది. కొన్నవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

పాలు కాచే తాగుతున్నాం. గ్లౌజులు కొని పాకలో మేకుకు తగిలించాం. పక్క గాటన ఉన్న ఆవు వచ్చే నెల ఈనబోతోంది. దాని రక్తం ఇంకా ఎవరూ తీయలేదు.

ఇట్లు,
ఒక పశుపోషకుడు