ఆరోగ్య శాఖ మంత్రి గారికి: గర్భిణి చెకప్‌లో ఈ ఒక్క ప్రశ్న చేర్చండి

మంత్రి గారికి నమస్కారాలు.

నాకు ఇద్దరు పిల్లలు. రెండో కాన్పయిన నాలుగో నెలలో, బాబును ఎత్తుకుని మెట్లెక్కుతుంటే తుమ్మొచ్చింది. మూత్రం పడి బట్టలు తడిశాయి. అప్పటి నుంచి తుమ్ము వచ్చేలా ఉంటే కాళ్లు మెలేసుకుని నిలబడటం, లేత రంగు బట్టలు మానేయడం, ఎక్కడికెళ్లినా ముందు బాత్రూం ఎటుందో చూసుకోవడం అలవాటైపోయింది. మా అమ్మతో చెబితే "పిల్లల్ని కన్నాక అంతేనమ్మా" అంది. ఆవిడ కూడా ఇన్నేళ్లూ ఇలాగే నెట్టుకొచ్చిందని నాకు ఆ రోజే తెలిసింది.

కాన్పయిన ఆడవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుంది. మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి ఉయ్యాలలా మోసే కండరాలు కడుపు బరువుకీ కాన్పుకీ సాగి వదులవుతాయి. వాటిని బలపరిచే వ్యాయామం గురించి ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ 1948లోనే రాశారు. లీక్ సమస్య లేని గర్భిణులు దాన్ని ముందే మొదలుపెడితే, నెలలు నిండే నాటికి ఆ సమస్య వచ్చే అవకాశం 60 శాతానికి పైగా తగ్గవచ్చని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష చెబుతోంది. నాకు రెండుసార్లూ బీపీ చూశారు, బరువు చూశారు, స్కానింగులు తీశారు. ఈ మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

తర్వాత నేనే వీడియోలు చూసి చేశాను. ఏమీ తగ్గలేదు. చివరికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఐదు నిమిషాల్లో తప్పు పట్టుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతున్నానట! "గ్యాస్ బయటికి రాకుండా ఆపుకుంటారే, అలా లోపలికి, పైకి లాగండి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించొద్దు. చేస్తూనే మామూలుగా మాట్లాడగలగాలి" అన్నారు. కొన్ని సెకన్లు బిగించడం, అంతసేపూ పూర్తిగా వదిలేయడం. విడతకు ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు విడతలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకూడదనీ, అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చనీ కూడా ఆవిడే చెప్పారు. మూడు నెలలకు తేడా తెలిసింది. ఇప్పుడు పిల్లల వెనక పరిగెత్తగలుగుతున్నాను.

అందుకే, దయచేసి ఓ కరపత్రం చేతిలో పెట్టి సరిపెట్టకండి. కడుపుతో ఉన్నామని తెలిసిన తొలి చెకప్పుల్లోనే నర్సు దగ్గరుండి నేర్పాలి, సరిగ్గా చేస్తున్నామో లేదో చూడాలి. ఆ చెకప్పుల్లోనూ, బిడ్డకు టీకా వేయించడానికి వచ్చినప్పుడూ తల్లిని "దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా?" అని అడగాలి. మాకై మేం చెప్పుకోలేం, సిగ్గు. అడిగితే చెబుతాం. అవునన్నవాళ్లను ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపాలి. ఫ్రాన్స్‌లో కాన్పు తర్వాత ఈ శిక్షణ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమాయే భరిస్తుంది.

మా చెల్లెలికి ఇప్పుడు ఐదో నెల. నిన్ననే చెకప్‌కి వెళ్లొచ్చింది. తననూ ఎవరూ అడగలేదు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి