మా బండ్లకు కరెంటు ఇప్పించండి: ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర అద్దె స్థలంలో ఎలక్ట్రిక్ సరుకు ఆటోలు నడిపిస్తున్నాను. డ్రైవర్లలో ఎక్కువమంది చిత్తూరు, అనంతపురం నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లే. బండ్లు నిలిపే చోటే ఛార్జింగ్ పెట్టుకోవడానికి విడిగా కనెక్షన్ కోరుతూ మీ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాం. గుర్తుచేస్తూ ఉత్తరాలూ రాశాం. ఇస్తామనీ చెప్పలేదు, ఇవ్వమనీ చెప్పలేదు. అందుకే నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

మేం అడిగింది పెద్ద లోడు కాదు. బండికి 3 కిలోవాట్ల స్లో ఛార్జర్ చాలు. రాత్రంతా టైముంటుంది కాబట్టి వంతులవారీగా పెట్టుకుంటాం. అది లేక మా డ్రైవర్లు అర్ధరాత్రి పబ్లిక్ ఛార్జర్ల దగ్గర వరుసలో ఉంటున్నారు. సరుకు పెట్టే చోట గోనెపట్టా పరుచుకుని, వంతు పోతుందేమోనన్న టెన్షన్‌తోనే కునుకు తీస్తారు. తెల్లవారుజామున కె.ఆర్.మార్కెట్‌లో కూరగాయల లోడు ఎత్తాలి. నిద్రలేని మనిషి పాత మద్రాసు రోడ్డు మీద బండి నడుపుతుంటే నాకు భయంగా ఉంటుంది. ఆలస్యమైతే ట్రిప్పు పోతుంది, ఆ పూట సంపాదనా పోతుంది.

ఎలక్ట్రిక్ వాహన విధానాన్ని దేశంలో మొదట తెచ్చింది కర్ణాటకే, 2017లో. కేంద్రం 2024లో సవరించిన నిబంధనల ప్రకారం మెట్రో నగరాల్లో పూర్తి దరఖాస్తు అందిన 3 రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలి. లైను పొడిగించాల్సి వస్తే ఎక్కువ సమయం పడుతుందని మాకూ తెలుసు. అదైనా చెప్పాలి కదా.

దయచేసి మా స్థలాన్ని పరిశీలింపజేసి, కట్టాల్సిన మొత్తం, కనెక్షన్ ఇచ్చే తేదీ రాతపూర్వకంగా తెలపండి. కుదరదంటే కారణం కూడా కాగితం మీదే ఇవ్వండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు