అమ్మకు షాక్ ట్రీట్‌మెంట్ చేయించే ముందు ఇది చదువు

కర్నూలు,
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

నిన్న ఫోన్‌లో "అమ్మకు కిడ్నీలో రాయంట, అనంతపురంలోనే షాక్ ట్రీట్‌మెంట్ చేయిస్తాం, కోత లేదు, కుట్లు లేవు, సాయంత్రానికి ఇంటికి రావచ్చంట" అని నువ్వు చెప్తుంటే నేను ఊఁ కొట్టి ఊరుకున్నా. బస్సులో ఉన్నా, చుట్టూ జనం. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మూడు నెలల కింద మా నాయనకు చేయించేటప్పుడు మేమూ అచ్చం ఇవే మాటలు అనుకున్నాం. నీకప్పుడు "నాయనకు కొంచెం బాగలేదు" అని మాత్రమే చెప్పా. ఇప్పుడు మొత్తం చెప్తా.

నాయన ముప్పై ఏళ్ళు బేతంచెర్లలో నాపరాళ్ళ పని చేసిన మనిషి కదా. రాయి పగలగొడతాం అనగానే "కోయకుండా లోపలి రాయి ఎట్ల పగుల్తాది సార్?" అని అడిగాడు. డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. యంత్రం బయటినుంచి ఒంట్లోకి షాక్ తరంగాలు, అంటే గట్టి ఒత్తిడి అలలు, పంపుతుంది, ఒంట్లో నీళ్ళే ఎక్కువ కాబట్టి తరంగం కండలోంచి దాటిపోతుంది, గట్టి రాయి తగిలినచోట దాని బలమంతా పడుతుంది. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి చేశారు, ఆ యంత్రాన్ని తయారు చేసింది డోర్నియర్ అనే విమానాల కంపెనీ. నాయనకు ఇదంతా తెగ నచ్చింది. అంతకు ముందు రెండు నెలలు ఎవరో చెప్తే కొండపిండాకు కషాయం తాగాడు. ఆ 12 మిల్లీమీటర్ల రాయి దానికి కదల్లేదు.

ముప్పావు గంటలో అయిపోయింది. సాయంత్రం మూత్రం ఎర్రగా వచ్చింది, లేత దానిమ్మ రసం రంగు. అది మామూలేనని ముందే చెప్పారు, ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది. అమ్మ మూత్రం అట్లా వస్తే నువ్వు భయపడొద్దు.

మా కష్టం రెండో రోజు రాత్రి మొదలైంది. ఎడమ డొక్కలో నొప్పి, మాత్ర వేసినా తగ్గలేదు. పడుకోలేడు, కూర్చోలేడు, మంచం పట్టె పట్టుకొని వంగి నిలబడ్డాడు. నుదురు తుడిస్తే తువ్వాలు తడిసింది, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. "కళ్ళు తిరుగుతున్నాయి రా" అన్నాడు. ఆటోలో తీసుకుపోయాం. స్కానింగ్, తర్వాత సీటీ. కిడ్నీ చుట్టూ ఉండే పల్చటి పొర కింద రక్తం గడ్డ కట్టింది. తరంగాల దెబ్బకు రాయితో పాటు కిడ్నీలోని సన్న రక్తనాళాలు కూడా చిట్లుతాయంట. మామూలుగా వాటంతట అవే మూసుకుంటాయి. నాయనకు మూసుకోలేదు.

ఎందుకు మూసుకోలేదంటే, నాలుగేళ్ళుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక గుండె డాక్టర్ రాసిన ఆస్పిరిన్ వేసుకుంటున్నాడు. అందరం దాన్ని "చిన్న మాత్ర" అంటాం. ఆస్పత్రి ఫారంలో నేను బీపీ మాత్ర ఒక్కటే రాశా. వాళ్ళూ గుచ్చి అడగలేదు. కానీ రాసింది నేనే మామా, ఆ ఫారం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆస్పిరిన్ వేసుకుంటే రక్తం త్వరగా గడ్డకట్టదు, ఆ ప్రభావం వారం, పది రోజుల దాకా పోదంట. దానికి తోడు ఆరోజు బీపీ కూడా ఎక్కువుంది.

హిమోగ్లోబిన్ 13 నుంచి 8.6కు పడింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు, ఆరు రోజులు మంచం దిగనివ్వలేదు. చాలామందికి ఇట్లా విశ్రాంతితోనే ఆగుతుంది, ఆగకపోతే రక్తం కారే నాళాన్ని లోపలి నుంచే మూయాలి అన్నారు. దేవుడి దయ, ఆగింది. మొన్న స్కానింగ్‌లో గడ్డ దాదాపు కరిగిపోయింది. ఆ గడ్డ కిడ్నీని నొక్కితే బీపీ పెరగొచ్చన్నారు కాబట్టి ఇంకా వారం వారం చూపిస్తున్నాం.

ఇట్లా అయ్యేది తక్కువమందికే. చేయించొద్దని అనడం లేదు. కానీ అమ్మకు బీపీ ఉంది, పైగా మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకొని మింగుతుంది. ఆ నొప్పి మాత్రల్లో చాలావాటికి రక్తం త్వరగా గడ్డకట్టదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పోపుల డబ్బా వెనక దాచినవి కూడా, ఒక సంచిలో వేసుకొని పోయి డాక్టర్ బల్ల మీద పెట్టు. గుండె మాత్ర ఏదైనా ఉంటే నీ అంతట నువ్వు ఆపొద్దు, అది ఇంకా ప్రమాదం, గుండె డాక్టర్‌నే అడగాలి. ఆపడానికి వీల్లేదంటే లేజర్‌తో తీసే పద్ధతి ఉందని మాకు తర్వాత చెప్పారు. ఆరోజు బీపీ ఎక్కువుంటే తేదీ మార్చమని నువ్వే అడుగు. ఇంటికొచ్చాక డొక్కలో నొప్పి పెరిగినా, కళ్ళు తిరిగినా, మూత్రంలో గడ్డలు పడినా, అసలు రాకపోయినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

నాయన రాయి ముక్కలను టీ జల్లెడతో పట్టి చిన్న సీసాలో దాచుకున్నాడు. గోధుమ రంగు ఇసుకలా ఉన్నాయి. వేళ్ళ మధ్య నలిపి చూసి "నాపరాయి కంటే గట్టిది రా" అన్నాడు.

తేదీ ఖాయమైతే చెప్పు, ముందురోజు రాత్రికే వస్తా. అమ్మ పక్కన కూర్చుంటానని నాయన కూడా బయల్దేరుతున్నాడు.

నీ
మామ