ఆదివారం మన వంతు: పాల్ సైమన్ ‘గ్రేస్‌ల్యాండ్’

అందరికీ నమస్తే. ఈ ఆదివారం సాయంత్రం 6కి, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మన ప్రాక్టీస్ రూంలో అమెరికా గాయకుడు పాల్ సైమన్ చేసిన ఈ 1986 ఆల్బమ్ మొత్తం వింటున్నం.

సైమన్ 1985లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ పోయి అక్కడి వాద్యకారులతో ముందు ట్రాకులు రికార్డు చేసుకున్నడు, మాటలు తర్వాత రాసిండు. మన సినిమాల్లో ట్యూన్‌కు పాట రాసినట్టే.

బేస్ వాయించేటోళ్లు: ‘యూ కెన్ కాల్ మీ ఆల్’లో మూడున్నర నిమిషాలు దాటినంక బేస్ వాద్యకారుడు బకితి కుమాలో సోలో తప్పకుండా విని రండి. మొదటి సగమే వాయించింది, రెండో సగం అదే టేపు తిరగేసి అతికించింది. అద్భుతం! ఫోన్ స్పీకర్‌లో బేస్ తేలదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

కోరస్ వాళ్లకు ‘హోమ్‌లెస్’. సైమన్, దక్షిణాఫ్రికా గాయక బృందం లేడీస్మిత్ బ్లాక్ మాంబాజో గొంతులే, వాద్యాల్లేవు.

గిటార్లు ట్యూన్ చేసుకొని తెండి. వచ్చేది లేనిది శనివారం రాత్రిలోపు చెప్పండి, కుర్చీలు తెప్పియ్యాలె.