అబ్లేషన్: యంత్రం కొత్తదైతే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

గుండె పై గదులు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు, రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి చేసే కెథెటర్ అబ్లేషన్‌పై మీరు వేసిన వ్యాసం, విద్యుత్ పల్సులతో చేసే పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతి వచ్చింది కాబట్టి పాత పద్ధతులకు కాలం చెల్లినట్టు చెప్పింది. అది నిజం కాదు.

ఏ పద్ధతిలోనైనా చేసే పని ఒకటే. ఊపిరితిత్తుల సిరలు ఎడమ కర్ణికలో కలిసే చోట చుట్టూ మచ్చ కట్టించి, సిరల్లో పుట్టే సంకేతాలు లోపలికి రాకుండా ఆపడం. రేడియోఫ్రీక్వెన్సీలో ఆ వలయాన్ని వేడితో చుక్క పక్కన చుక్క పెట్టి పూర్తిచేస్తారు. చుక్కల మధ్య ఎడం 6 మిల్లీమీటర్లు దాటకూడదు. సందు మిగిలితే ఆ రోజు వాపు వల్ల తెలియదు, వాపు తీశాక దడ తిరగబెడుతుంది. అతిచల్లని గ్యాస్ నింపే క్రయోబెలూన్‌తో సిర మూతిని మూసి ఒక్కసారే గడ్డకట్టిస్తారు. కుడి సిరల పక్కనే, ఊపిరి తీయించే కండరమైన డయాఫ్రంను ఆడించే ఫ్రెనిక్ నరం పోతుంది. అందుకే దాన్ని చిన్న విద్యుత్ ప్రేరణలతో పేస్ చేస్తూ, రోగి కుడి డొక్క మీద చెయ్యి వేసి ఉంచుతారు. చేతికింద డయాఫ్రం ఎగురు మందగించగానే గ్యాస్ కట్టేయాలి. ఆలస్యమైతే నరం చచ్చుబడి ఆయాసం మొదలవుతుంది.

2016లో 762 మందిపై జరిగిన ఫైర్ అండ్ ఐస్ పరిశీలనలో చలి (క్రయోబెలూన్) వేడికి (రేడియోఫ్రీక్వెన్సీకి) తీసిపోలేదు. 2023 నాటి అడ్వెంట్ పరిశీలనలోనూ పల్స్‌డ్ ఫీల్డ్ ఈ రెండింటికీ తీసిపోలేదని తేలింది, మించిందని కాదు. పల్స్‌డ్ ఫీల్డ్‌తో పని త్వరగా అవుతుంది, అన్నవాహికకూ ఫ్రెనిక్ నరానికీ ముప్పు తక్కువ. ఇవి పెద్ద లాభాలే. కానీ పల్సులు మితిమీరితే ఎర్ర రక్తకణాలు చితికి మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. మైట్రల్ కవాటం దగ్గర ఇస్తే కరొనరీ ధమని బిగుసుకోవచ్చు.

వ్యాసంలో అసలు లేనిది మరొకటుంది. వేడి పద్ధతిలో ఎడమ కర్ణిక వెనకున్న అన్నవాహికకు కాలిన గాయమైతే, చాలా అరుదుగా, కొన్ని వారాల తర్వాత రెండింటి మధ్య రంధ్రం పడుతుంది. అప్పటికి రోగి ఇంట్లో ఉంటాడు. జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, పక్షవాత లక్షణాలు కనిపిస్తే అబ్లేషన్ సంగతి ముందే చెప్పి ఛాతీ సీటీ తీయించుకోవాలి. ఎండోస్కోపీ చేయకూడదు. లోపలికి ఊదే గాలి రంధ్రం గుండా గుండెలోకి, అక్కణ్ణుంచి మెదడుకు పోతుంది.

రక్తం పలుచన చేసే మందు ఏ పద్ధతి తర్వాతైనా కనీసం 2 నెలలు వాడాలి. ఆ తర్వాత ఆపాలా వద్దా అన్నది పక్షవాతం ముప్పును బట్టి తేలుస్తారు, దడ తగ్గిందని కాదు.

ఈ జ్వరం హెచ్చరికనైనా మీ ఆరోగ్యం పేజీలో విడిగా వేయగలరని మనవి.

ఇట్లు,
గుండె లయ చికిత్సకుడు