గ్రీజు డబ్బా కోసం ఒక లేఖ: జలవనరుల శాఖ కార్యదర్శి గారికి

అయ్యా, నమస్కారం.

నేను రిటైరైన అసిస్టెంట్ ఇంజనీర్‌ని. ఇంజనీర్ అంటే కొత్త డ్యామ్ కట్టేవాడనే అందరూ అనుకుంటారు, కానీ మా ఉద్యోగంలో చాలా భాగం కట్టినదాన్ని కాపాడటమే. గేటు ఎత్తే ఇనుప తాడు మీద చేతిలో దూది పట్టుకుని మెల్లగా జరుపుకుంటూ పోతే, ఎక్కడ తీగ తెగిందో అక్కడ దూది పోగు చిక్కుకుంటుంది. ఈ పనికి రోజంతా పడుతుంది, దీన్ని ఎవరూ ఫొటో తీయరు.

పులిచింతలలో 2021 ఆగస్టులో 16వ గేటు కొట్టుకుపోయింది. గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023లో ఇంకొకటి పోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో చైన్ తెగి 19వ గేటు పోయింది. అప్పుడు గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి పర్యవేక్షణలో వరద పారుతుండగానే స్టాప్‌లాగ్‌లు (పోయిన గేటు చోట అడ్డంగా ఒకదాని మీద ఒకటి దించే ఇనుప పలకలు) దించి నీళ్లు ఆపారు, ఆ పని చేసినవాళ్లందరికీ చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ప్రతిసారీ అంత టెన్షన్ పడి ప్రాణాల మీదకి తెచ్చుకోవాల్సిందేనా సార్?

నేను ఒక చిన్న ప్రాజెక్టులో ఉండగా గ్రీజు, తాళ్ల కోసం మూడుసార్లు ఎస్టిమేట్ పంపాను. మూడుసార్లూ నిధులు లేవనే తిరిగొచ్చింది. చివరికి గేట్ల దగ్గర పనిచేసే మా లస్కర్, నేను చెరికొంత వేసుకుని గ్రీజు డబ్బాలు కొన్నాం, జూన్ రాకముందే పూశాం.

దయచేసి గేట్ల నిర్వహణ డబ్బు వేరే ఖాతాలో పెట్టి ఏప్రిల్‌లోనే విడుదల చేయండి. ప్రతి ప్రాజెక్టులో మెకానికల్ ఇంజనీర్ చేసిన తనిఖీ రిపోర్టు వానాకాలానికి ముందే గేటు దగ్గర గోడ మీద అంటించమనండి, రైతులు కూడా చదువుకుంటారు.