తుక్కుగా మార్చే ముందు ఆ చిప్‌లను ఒకసారి చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో కార్యాలయాలు, కళాశాలలు పాత కంప్యూటర్లను వదిలించుకునేటప్పుడు సర్క్యూట్ బోర్డులను కిలోల లెక్కన అమ్మేస్తున్నాయి. కొన్నవాళ్లు తెల్లటి సిరామిక్ చిప్‌లను బంగారు పూత కోసం ఆమ్లంలో వేస్తారు. మిగిలినవి పిండి అవుతాయి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేశాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి బోర్డులు వెతికి తెచ్చుకుంటాను. అక్కడ కుప్పగా పోసినవి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

చిప్‌ను గుర్తుపట్టడం ఓపికతో వచ్చే పని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో మెల్లగా దుమ్ము తుడిచి, టార్చిలైటు పక్కనుంచి వేస్తే మాసిపోయిన అక్షరాలు పైకి తేలతాయి. తయారీ తేదీ చాలావాటి మీద నాలుగంకెల్లో ఉంటుంది. 7839 అంటే 1978లో 39వ వారం. అయితే 7432 కనిపించగానే 1974 అనుకోకూడదు. నాలుగు ఆర్ గేట్లు (ఒక రకం లాజిక్ సర్క్యూట్లు) ఉండే చిప్ నంబరు కూడా అదే. పక్కనున్న చిప్‌ల తేదీలు చూస్తే సంగతి తేలుతుంది. ఇంటెల్ చిప్‌ల మీద కాపీరైట్ గుర్తు పక్కనుండే సంవత్సరం కూడా తయారీ ఏడాది కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి ఈప్రామ్‌లు, అంటే ప్రోగ్రాంను దాచి ఉంచే మెమరీ చిప్‌లు. 2708, 2716 వంటి ఈ చిప్‌ల నడుమ చిన్న క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది. అందులోంచి భూతద్దంతో చూస్తే సిలికాన్ ముక్క, దానికి అతికించిన వెంట్రుకంత తీగలు కనిపిస్తాయి. అతినీలలోహిత కాంతి పడితే లోపలి ప్రోగ్రాం చెరిగిపోతుంది కాబట్టే కిటికీ మీద కాగితం అంటిస్తారు. ఆ కాగితం మీద ఎవరో ఇంజినీరు చేత్తో రాసిన పేరు, వెర్షన్ నంబరు ఉంటాయి. తుక్కు దుకాణంలో దాన్ని పీకేసి ఎండలో పడేస్తే వారం రోజుల్లోనే అంతా పోవచ్చు. కాగితం ఉన్నా, దశాబ్దాలు గడిచేకొద్దీ ప్రోగ్రాంను పట్టి ఉంచే లోపలి విద్యుదావేశం కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటుంది. ఇక్కడి మనిషి ఇక్కడి యంత్రం కోసం రాసిన ప్రోగ్రాంకు ఆ చిప్పే ఆఖరి ప్రతి కావచ్చు. ఈప్రామ్ ప్రోగ్రామర్ అనే పరికరం ఉంటే దాన్ని చదివి కంప్యూటర్‌లో భద్రపరచడానికి కొన్ని నిమిషాలు చాలు.

1967లో మన నగరంలో మొదలైన ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, టీడీసీ అనే పేరుతో కంప్యూటర్లు తయారుచేసింది. మొహాలీలో 1984లో చిప్‌ల ఉత్పత్తి ప్రారంభించిన ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1989లో అగ్నిప్రమాదానికి గురైంది. అలాంటి దేశీయ సంస్థల గుర్తులున్న బోర్డు దొరికితే అది తూకానికి అమ్మే వస్తువేనా?

2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలను సడలించమని నేను కోరడం లేదు. సీసం, ఆమ్లం చేసే హాని నాకు తెలుసు. వేలానికి ముందు ఒక రోజు ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులను, విద్యార్థులను పిలిచి పాత బోర్డులు చూపించాలని, ప్రతి బోర్డుకూ రెండువైపులా ఫొటోలు తీయించాలని, ఈప్రామ్‌ల కిటికీలు మూసే ఉంచాలని సంబంధిత అధికారులకు మనవి. ఎంపికైన వాటికి నౌబత్ పహాడ్ మీది సైన్స్ మ్యూజియంలో ఒక అల్మారా కేటాయిస్తే బాగుంటుంది. చిప్‌లు చదివిపెట్టే పని నేను ఉచితంగా చేస్తాను. పరికరాలు నా దగ్గరే ఉన్నాయి.

— విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, తార్నాక, హైదరాబాద్